జోయిలా పెంచిన ఎర్ర పురుగు

ఈక్వడార్ కొండల్లో, దీపప్పురుగుల్ని పట్టి పెంచే అబ్దోన్ ఇంటి వసారా. రాజధాని క్విటో నుంచి పురుగుల శాస్త్రవేత్త డాక్టర్ పియెదాద్ ఖాళీ పెట్టె పట్టుకుని వచ్చింది.

"పురుగేది, అబ్దోన్ గారూ?"

"ముందు బెల్లం నీళ్ళు తాగండి డాక్టరమ్మా. బస్సులో నలిగిపోయి వచ్చారు."

"తాగుతాలెండి. మీ జోయిలా పెంచిన గూడులోంచి మొన్న బయటికొచ్చిందన్నారుగా? కొత్త జాతే అయితే మీ అమ్మాయి పేరే పెడతాం. అందుకేగా పరిగెత్తుకొచ్చాను."

"ఎర్ర రెక్కలు, నల్ల చారలు. ముప్పై ఏళ్ళుగా నేను పట్టుకుంటున్న విషప్పురుగే. కొత్తేంటి దాని మొహం!"

"కాదండీ. దాని వేషం వేసుకుని బతికే ఇంకో పురుగు ఇది, దీనికి విషం లేదు, గొంగళిగా తినే ఆకే వేరు అని జోయిలా నాకు రాసింది."

"రాసింది, రాసింది. నాతోనూ వాదించింది. తండ్రికే పాఠాలు!"

"అయ్యో, లోయలో జారిపడి పోయిన పిల్ల. నెల కూడా కాలేదు. ఇంకా కోపమేనా? చూపించండి."

"సాలీడుకి వేశాను."

"ఏంటీ?"

"మేం అలాగే చూస్తామమ్మా. విషం ఉంటే సాలీడు ముట్టదు. చుట్టూ దారాలు కొరికి కింద పడేస్తుంది."

"తెలుసు! ఉన్నదొక్కటి, దాన్ని తీసుకెళ్ళి..."

"సాలీడు దాన్ని వదిలెయ్యాలని మేరీమాతకి మొక్కుకున్నాను."

"వదిలిందా?"

"మొక్కుకున్నానమ్మా."

"అబ్దోన్ గారూ, వదిలిందా?"

"తినేసింది. రెక్కలు మిగిలాయి. ఇవిగో."

"దేవుడా! రెక్కలు నేనేం చేసుకోను? రెండిటివీ ఒకేలా ఉంటాయనేగా గొడవంతా! తేడా తెలిసేది పొట్ట కోసి చూస్తేనే. ఇక పేరు లేదు, ఏమీ లేదు. పాపం, ఆ పిల్ల చెప్పింది నిజమై ఉండి కూడా..."

"నిజమేనా? నిజమేనంటారా?"

"తినేసిందిగా! ఇంకేం కావాలి? నేను వచ్చేదాకా ఆగలేకపోయారా?"

"నా మాటే నెగ్గాలని..."

"పోయిన బిడ్డ మీద నెగ్గి ఏం చేసుకుంటారండీ?"

"దాని మాటే తప్పయితే నాకు కాస్త ఊపిరాడేది డాక్టరమ్మా. అది పోయిన పొద్దున ఒకటే వాన. 'ఆ ఆకు మీద ఇంకో గొంగళిని తెచ్చి చూపించు, అప్పుడు నమ్ముతా' అన్నాను. అందుకే దిగింది నా తల్లి, ఆ లోయలోకి."