బక్కమ్మ చెంప మీద తెల్ల చుక్క

హలో… ఆ, నేనే, అరుణను. సంగారెడ్డిల మీ నాయిన కంప్యూటర్ సెంటర్‌ల నేర్చుకున్న అరుణను… యాదికొస్తలేనా? ఎట్లొస్త తియ్ వెస్లీ సారూ!

…మంచిచెడ్డలు తర్వాత. రేపటి పాత కంప్యూటర్ల ఎగ్జిబిషన్ సంగతి జెప్పు. నీ వీడియో మా రవళి ఫోన్‌ల చూపించింది… ఆ, నా బిడ్డ. టీవీకి తగిలించిన ఆ చిన్న కంప్యూటర్, తెర మీద ఆడమనిషి మొఖం, కింద 'గీసింది వెస్లీ' అని. థూ, సిగ్గుండాలె!

—ఏందీ, నువ్వే గీసినవా? మళ్లొక్కసారి అను.

అది మా అమ్మ. బక్కమ్మ. కూలికి పొయ్యొచ్చి అరుగు మీద కూసుంటె, ఎదురుంగ కూసోని గ్రాఫ్ కాయితం మీద గడి గడి నింపిన నేను. నల్ల గడి ఒకటి, తెల్ల గడి సున్న. ఎనిమిది గళ్లకు ఒక నంబర్ లెక్కగట్టాలె, ఆ నంబర్లు కొడితె తెర మీద బొమ్మొస్తది. రెండు నెలలు పట్టింది…

అవు, నంబర్లు టైపు కొట్టింది నువ్వే. ఎందుకు? ఆడపిల్లలు ముడితె మిషిన్ ఖరాబైతదని మీ నాయిన మమ్మల్ని దగ్గరికి రానిచ్చిండా? నేను చదివిన, నువ్వు కొట్టినవ్. గంతే నీ కళ!

—అరవకు. నాక్గూడ అరవొస్తది.

ఇంకేమన్నవ్ వీడియోల? 'నా ఊహల పుట్టిన పల్లెతల్లి, చెంప మీద కన్నీటి చుక్క' అనా? కన్నీరెక్కడిది రా! ఒక నంబర్ తప్పు కొట్టినవ్. చెంప నల్లగ రావాల్సిన కాడ తెల్లగొచ్చింది. నేను మొత్తుకుంటె 'రేపు సరిజేస్త తియ్' అని అట్లనే కంప్యూటర్ బొమ్మలు దాసే టేపు క్యాసెట్‌ల ఎక్కించినవ్. ఆ రేపు ముప్పై ఏడేండ్లాయె. మా అమ్మ ఏడ్సే మనిషి గాదు. ఇంటి మీదికొచ్చినోళ్లను చీపురు వట్టుకొని తరిమిన మనిషి.

…

పరేషాన్ జేస్తున్ననా? నేనా? అమ్మకు ఒక్క ఫోటో లేదు వెస్లీ. దిగుదామనుకునే లోపల్నే పాయె. ఆమె మొఖం ఉన్నదంటె ఆ క్యాసెట్‌లనే ఉన్నది. దాని కింద ఆమె పేరుండాలె. నా పేరు లేకున్నా మంచిదే.

…రుజువా? గ్రాఫ్ కాయితాలా?

…లేవు. కిష్టారెడ్డిపేటకు ఇల్లు మారినప్పుడు ట్రంకు దీస్తె మొత్తం చెదలు తిన్నది.

…నవ్వు. మస్తు నవ్వు.

అయిందా? ఇగ విను. అప్పుడు నాకు పందొమ్మిది. ఇప్పుడు అమ్మ వయసొచ్చింది. అదే ముక్కు, అవే చెంపలు, ముందటి పన్ను గూడ గట్లనే బయటికొచ్చింది. మొన్న మా చిన్నమ్మ గడపల నన్ను జూసి జడుసుకున్నది. రేపు కంపెనీల సెలవు వెట్టిన. పొద్దుగాల పదింటికొచ్చి ఆ టీవీ పక్కన కుర్చీ ఏసుకొని కూసుంట. నోరు గూడ తెరువ. వచ్చినోళ్లు దాన్ని జూస్తరు, నన్ను జూస్తరు, ఇగ నీ దిక్కు జూస్తరు…

ఏందీ, రావద్దా? ఇప్పటిదాంక రుజువు రుజువు అంటివి గద…

రేపు జూపిస్త, వెస్లీ.

ఇగ ఫోన్ పెడుతున్న.