అహల్యక్క ఏసిన బ్రేకులు

ఏంది బిడ్డా, గంట సేపాయె, స్కూటర్ ముంగట గట్లనే కూసున్నవ్? బ్రేక్ పడ్త లేదా? మెకానిక్ వస్తడు తియ్, ఫికర్ జెయ్యకు. గీడ నీడకు కూసో. బ్రేకంటె నాకు అహల్యక్క యాదికొస్తది. నీకెట్ల ఎరుకుంటది, నువ్వు పుట్టకముందే పాయె. నాంపల్లిల జనార్దన్ సేటని ఉండె. పెండ్లిళ్ళకు శామియానాలు, గుంజలు, జాజిములు, వంట గంజులు కిరాయికిచ్చేటోడు. ఆయన పెండ్లామే అహల్యక్క. నేను వాళ్ళ డ్రైవర్ని. అరవై నాలుగుల ముచ్చట, నాకప్పుడు ఇరవై రెండేండ్లు. అబిడ్స్‌ల అంగి కుట్టిచ్చుకొని, జుట్టుకు నూనె వెట్టి... సరే, అది తియ్. బండంటె మిలిటరీ వాళ్ళ హరాజుల కొన్న పాత పికప్పు. లోడేసినమంటె మూల్గుకుంట నడుస్తుండె.

ఒక దినం సేటే నడుపుతున్నడు, నేను పక్కన కూసున్న. నౌబత్ పహాడ్ గుట్ట దిగుతున్నం. సేటు పెడల్ తొక్కిండు, నేలకంటింది, బండి మాత్రం ఆగలే. ముంగట జనం. 'బాలకిషన్, గట్టిగ పట్టుకో!' అని గోడకు గుద్దిచ్చిండు. జనానికేం గాలే, నాకేం గాలే, సేటు కాలిరిగింది. నేను ఖైరతాబాద్‌ల మా ఇంటికి పోయి పండుకున్న, 'ఇగ ఆ బండి మొకం చూడ' అని. ఔ, భయపడ్డ, నవ్వుతవేంది? మెకానిక్కేమో బండి చూసి, 'తుక్కు కింద అమ్ముకో సేటూ, దీని మీద చెయ్యి పెట్ట' అని పోయిండట. ఇంకో పది దినాలకు చాదర్‌ఘాట్‌ల పెద్ద పెండ్లి, సేటు మాటిచ్చి ఉన్నడు. మాట తప్పితె రేపు శామియానా కావాల్నని ఎవడొస్తడు?

తొమ్మిదోనాడు అహల్యక్క మా ఇంటికొచ్చింది. 'బ్రేకులు కొత్తయి ఏసినం, రేపు పొద్దుగాల రా' అన్నది. 'ఎవరేసిన్రక్కా?' అన్న. 'పని తెలిసినోళ్ళే ఏసిన్రు, రా' అన్నది. పోయిన. లోడేసినంక చీర చెంగు నడుముకు చెక్కుకొని, తనే నా పక్కన ఎక్కి కూసున్నది. ఎన్నడెక్కలే ఆ బండి! 'నువ్వెందుకక్కా?' అంటె, 'పోనీ, ముందుగాల నౌబత్ పహాడ్ దిక్కు పోనీ' అన్నది. పానం అరచేతుల వెట్టుకొని పోనిచ్చిన. దిగుడుల సగానికొచ్చినంక 'తొక్కు' అన్నది. తొక్కిన. అబ్బా! ఇటు గుంజలే, అటు గుంజలే, బండి ఉన్నకాడ్నే నిలవడ్డది. 'ఏ ఉస్తాద్ చేసిండక్కా, కాళ్ళు మొక్కాలె' అన్న. చేతులు చూపిచ్చింది. గోర్లు నల్లగ, వేళ్ళన్ని చర్మం లేచి.

తర్వాత సేటే చెప్పిండు. కాలికి పట్టీతోని ఆయన మంచం మీద పండుకొని చెప్పుడు, ఆమె బండి పక్కన కూసోని చేసుడు. చక్రమిప్పి, డ్రమ్ము చుట్టు సుత్తితోని కొట్టి కొట్టి గుంజితె వచ్చిందట. లోపట లైనర్లు అరిగి మొలలు తేలినయట, రబ్బర్లు నాని ఆయిల్ కారిపోతున్నదట. అఫ్జల్‌గంజ్ పోయి సామాను తెచ్చింది. కొత్తయి పెట్టింది గని, వాటిని పట్టుకునే స్ప్రింగు ఎక్కదు. ఒకపారి ఎగిరి దవడకు తాకింది. సేటు మంచం మీదనే ఉండి 'గట్ల గాదు, గట్ల గాదు!' అని ఒర్లుడు. పానా ఇసిరేసి, 'లేచొచ్చి నువ్వే చెయ్' అన్నదట. మల్ల తనే లేచి, శామియానా కట్టే సన్న తాడు తెచ్చి, స్ప్రింగు కొనకు ముడేసి గుంజింది. టక్కున కూసున్నది! 'పదేండ్లయె బ్రేకులు ఇప్పుతున్న, నాకు గిది తోచలే బాలకిషన్' అన్నడు సేటు. ఆ చెప్పుట్ల ఆయన మొకం చూడాలె నువ్వు.

ఆఖరుకు పైపులల్ల గాలి తియ్యాలె. ఒకరు పెడల్ తొక్కాలె, ఒకరు కింద నట్టిప్పాలె. ఎవరు తొక్కాలె? అత్త ప్రభావతమ్మ. 'ఆడదానికి గిదేం పని' అని మూడు దినాలు కోడలితోని మాట బంద్ వెట్టిన మనిషి. వచ్చి, చెప్పులిడిసి, బండెక్కి కూసున్నదట. 'తొక్కత్తమ్మా.' 'తొక్కిన.' 'ఇడువు.' 'ఇడిసిన.' ఆయిల్ల గాలి బుగ్గలు రావుడు ఆగేదాంక. పెండ్లికాడ ఆ ముసలామెనే, గంజులు దించేటోళ్ళకు, వంటోళ్ళకు, పిల్ల మేనమామకు, అందరికి చెప్పుకుంట తిరిగింది, 'మా కోడలు ఏసింది' అని. అహల్యక్క ఇనవడనట్టు జాజిములు పర్సుకుంటుండె.

ఇగ ఆ తర్వాత తొమ్మిదేండ్లు ఆ బండి బ్రేకులు వేరే చెయ్యి ముట్టలే. అక్క 'ఔ, మంచిగున్నయ్' అనేదాంక సేటు తాళం తిప్పకపోయేటోడు. డెబ్బై మూడుల అక్క జరమొచ్చి కాలం జేసింది. బండి అమ్మిన్రు. కొన్నోడు ఒక చక్కర్ కొట్టి వచ్చి, 'బ్రేకులు జబర్దస్త్ ఉన్నయ్ సేటూ, ఎవరేసిన్రు?' అన్నడు. 'అహల్య' అన్నడు సేటు. వాడు జేబులకెల్లి కాగితం తీసి రాసుకుంట, 'అహల్యనా? ఏడుంది ఆ గ్యారేజి, అబిడ్స్‌లనా?' అన్నడు.

...

ఔ, అగో, నీ మెకానిక్ వచ్చిండు. పో, దగ్గరుండి చూస్కో.