నైరుతి మూల బోరు

"పెద్దమ్మా, మేం మార్కాపురంలో ఒక ఇల్లు చూసినాం. ఊరికి కాస్త దూరం, ప్రశాంతంగా ఉంది. గిద్దలూరులో ఈ ఇల్లు కొన్నప్పుడు మీరు ఏమేం చూసుకున్నారో చెప్పు."

ఏం చూసుకున్నామా? నీళ్లు తప్ప అన్నీ చూసుకున్నాం రూతూ. దిగిన మొదటి ఎండాకాలమే బోరు ఎండిపోయింది. అదీ జరిగింది. ఫోన్లో రికార్డు చేసుకుంటావా, చేసుకో, నాకేం. మీ ఆయనకు కూడా వినిపించు.

మేం ఇల్లు చూసింది నవంబరులో. ఆ ఏడు వానలు బాగా పడినాయి, కంభం చెరువు నిండి అలుగు పారతా ఉంది. ఇక్కడికి వస్తే కొండలు పచ్చగా, గాలి చల్లగా, రైలు పోతే తప్ప చప్పుడు లేదు. బిల్డరు మోటారు వేసి చూపించినాడు. పైపు నిండా నీళ్లు. మీ పెదనాన్న ఆ నీళ్లు చూసి మురిసిపోయినాడు. నవంబరులో మన పక్క ఏ బోరుకి నీళ్లు రావు చెప్పు? నువ్వు మాత్రం మే నెలలో పో. మిట్టమధ్యాన్నం పోయి, అరగంట మోటారు ఆడించమను. వంటగది టైల్సు తర్వాత చూసుకోవచ్చు.

మాకు సొంత ఇల్లు అంటే అంత ఆత్రం ఎందుకంటే, నేను హాస్టల్ వార్డెన్ని, ఆయన ఆర్టీసీ కండక్టరు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడ బాడుగ ఇల్లు. దొనకొండ, కంభం, మళ్లా దొనకొండ... కాదు, మధ్యలో మార్కాపురం కూడా. బాడుగ ఇంట్లో గోడలు మనం వాడుకుంటాం గానీ నీళ్లు వాళ్లవి. దొనకొండలో ఒకామె, నేను తలకు షాంపూ పెట్టుకొని ఉండంగా మోటారు ఆపేసింది. చుట్టాలొచ్చినారంట, వాళ్ల తొట్టి ముందు నిండాలంట. నేను కళ్లు మండతా నిలబడి, నీళ్లు ఎవర్నీ అడిగే పని లేని ఇంట్లో ఉండాలి అనుకున్నా. పుల్లలచెరువు పక్క పుట్టినదాన్ని, నీళ్ల కోసం నిలబడడం నాకు కొత్త కాదు. ముసలితనంలో కూడా నిలబడాల్నా అని.

సరే, బోరు ఎండింది. ఈ కాలనీలో అందరి బోర్లూ ఈశాన్యంలోనే ఉంటాయి. అట్ల లేకపోతే ఇల్లు అమ్ముడుపోదని బిల్డరే చెప్పినాడు. ఎండినాక మేం ఏం చేసినాం? ఇంకో బోరు వేసినాం. ఎక్కడ? మళ్లా ఈశాన్యంలోనే, పాతదాని పక్కన, చాప పరిచినంత దూరంలో. నవ్వుతావేంది? ఈ వీధిలో అందరూ అదే చేసినారు, పోయి చూడు. ఒక మూలకు రెండు గొట్టాలు. మాకు వచ్చింది తెల్లటి రాతిపొడి. మల్లెచెట్టు మీద, ఉతికిన బట్టల మీద, పక్కింటి రమణమ్మక్క వాళ్ల వడియాల మీద.

ఆ చోటు నిలబడి చూపించింది ఎవరనుకున్నావు, మీ పెద్దమామ. మా అన్న సంగతి నీకు తెలుసు గదా, సంఘపెద్ద, ఆయన ప్రార్థన ఎత్తుకుంటే అన్నం చల్లారిపోతది. "అన్నా, మనం ప్రభువును నమ్ముకున్నోళ్లం, మనకు ఈశాన్యం ఏంది?" అన్నా. "విశ్వాసం వేరు, ఇల్లు వేరు మార్తమ్మా" అన్నాడు.

రెండోదీ పోయినాక ఆయనే అన్నాడు, ఈ ఇల్లు మీకు అచ్చిరాలేదు, అమ్మేయండి అని. ఆయనకు తెలిసిన మిర్చి వ్యాపారి ఒకాయన ఉన్నాడంట, బస్తాలు పెట్టుకునేదానికి కావాలంట. మిర్చికి నీళ్లతో పనేముంది. వచ్చే ఆదివారం ఆరాధన అయినాక తీసుకొస్తా అన్నాడు. మీ పెదనాన్న తల ఊపినాడు. రోజూ ట్యాంకర్ వాడికి ఫోన్ చేసి బతిమాలి ఆయనకూ విసుగు పుట్టింది. అంటే ఆదివారం లోపల నీళ్లు పడాల, లేకపోతే మళ్లా బాడుగ ఇల్లు.

నేను ఒంగోలు నుంచి సర్వే అబ్బాయిని పిలిపించినా, వైర్లు పరిచి మిషన్ పెట్టి చూసే అబ్బాయిని. ఇంటి చుట్టూ తిరిగి, వెనకాల నైరుతి మూలకు పోయి, గోడకు ఆనుకొని సున్నంతో గుర్తు పెట్టినాడు. నాకేం ఆశ్చర్యం కాలేదు. ఆ మూల గోడ అవతల ఈతపొదలు ఉన్నాయి. ఊరంతా మాడిపోయిన మే నెలలో అవి పచ్చగా ఉన్నాయి. వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తానే ఉన్నా.

ఇంక చూడు. రమణమ్మక్క గోడ మీద నుంచే మొదలుపెట్టింది. "నైరుతిలో గొయ్యి తీస్తే ఇంటాయన ప్రాణానికే ముప్పు వార్డెనమ్మా." మీ పెదనాన్న అది విని, చెప్పులేసుకొని పోయి బీపీ చూపించుకొని వచ్చినాడు. బోరు బండి ఏజెంటు, "నైరుతికి మా బండి రాదు మేడం, రేపు మీ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మా బండి పేరే చెప్తారు" అన్నాడు. మా అన్న అయితే ఫోన్లోనే ప్రార్థన చేసినాడు.

దీంట్లో ఇంకో చిక్కు. బండి మా గేట్లోంచి వెనక్కి పోదు. ఆ మూల గోడ పగలగొట్టి, అవతల ఖాళీ స్థలంలోంచి రావాల. ఆ స్థలం శెట్టిగారిది, గిద్దలూరు బజార్లో బట్టల దుకాణం ఆయనది. మా నైరుతి మూల, ఆయన ఈశాన్య మూల ఒకే గోడకు అటూ ఇటూ. బండి నిలుపుకోనియ్యమని అడిగేదానికి దుకాణానికి పోయినా, అన్న కూడా వెంట వచ్చినాడు. శెట్టిగారు విన్నాడు. చీర మడత పెడతా పెడతా, "అమ్మా, ఒక పని చెయ్. గోడకు ఇటు పక్క, నా స్థలంలో వెయ్. నాకు ఈశాన్యమే గదా, దోషం లేదు. నేను ఇల్లు కట్టుకునేదాకా నీళ్లు నువ్వే వాడుకో, కట్టినాక ఇద్దరం సర్దుకుందాం" అన్నాడు.

మా అన్న ముఖం వెలిగిపోయింది. "ప్రభువు దారి చూపించినాడు" అన్నాడు.

మంచి మాటే అది. ఆయన మంచోడే, అది కాదు. నాకు దొనకొండ ఇల్లు కళ్ల ముందు కనపడింది. సొంత ఇంట్లో ఉండి, నీళ్లు ఇంకొకరి స్థలంలో. రేపు ఆయన కొడుకు కోడలు వస్తారు, వాళ్లకు చుట్టాలొస్తారు. "శెట్టిగారూ, గోడకు అటు వేస్తే మంచిది, ఇటు వేస్తే చెడ్డదా? భూమిలో నీళ్లకు గోడ కనపడతదా?" అన్నా.

ఆయన నవ్వినాడు. "నీళ్లకు కనపడదమ్మా. కొనేవాళ్లకు కనపడతది."

"బండి నిలుపుకునేదానికి మాత్రం చోటియ్యండి, బోరు నా వైపే" అన్నా. ఇచ్చినాడు పాపం.

ఇంటికొచ్చి మీ పెదనాన్నను ఎదురుగా కూర్చోబెట్టినా. "అందరూ మీ ప్రాణం పేరు చెప్పే భయపెడతా ఉన్నారు. మీరు వద్దంటే మానేస్తా" అన్నా. నిజంగానే అన్నా. ఆయన, "బ్రేకులు సరిగా లేని బస్సుల్లో నల్లమల ఘాటు ఎక్కి దిగినోణ్ణి. పోయేటోణ్ణయితే అప్పుడే పోయుందును. వెయ్యి" అన్నాడు. పెళ్లయినాక ఆయన అంత పొడుగు మాట మాట్లాడింది అదే.

ఏజెంటుకు మళ్లా ఫోన్ చేసి, మీ బండి మీద పేరు కనపడకుండా గోనెపట్టా కప్పుకో నాయనా, రా అన్నా. సిగ్గుపడి వచ్చినాడు. శనివారం గోడ మూల పగలగొట్టి బండిని వెనక్కి తెచ్చినారు. వీధి వీధంతా మిద్దెలెక్కి చూస్తా ఉంది. మొదట మామూలే, దుమ్ము. అన్న గోడ పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. తర్వాత దుమ్ము తడిసి ముద్దలు ముద్దలుగా పడింది. ఆ తర్వాత, ఏం చెప్పమంటావు, ఎర్రటి నీళ్లు ఎగదన్ని అందరినీ తడిపినాయి. మీ మామ తెల్లచొక్కా ఇప్పటికీ ఆ రంగు వదల్లేదు. "స్తోత్రం" అన్నాడు, ఎవరికి చెప్పినాడో గానీ నా వైపు చూడలేదు. అందరికంటే ముందు బిందె తెచ్చింది రమణమ్మక్కే. "ముందు నీళ్లు తేరనీ అక్కా" అంటే, "బట్టలకు పనికొస్తాయిలే" అని పట్టుకుపోయింది. తర్వాత ల్యాబ్‌లో చూపించినాం. మన పక్క ఫ్లోరైడు భయం ఉంది గదా, తాగొచ్చు అన్నారు. మీ పెదనాన్నకు ఏమీ కాలేదు, లోపల క్రికెట్ చూస్తా ఉన్నాడు, వినపడతా ఉంది గదా ఆ గోల.

ఆదివారం మిర్చి ఆయన రానే వచ్చినాడు, నీళ్లు తాగి పోయినాడు. ఆయన పోయినాక అన్న నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు, ఆ బోరు మీద బండ మూసి కుండీలు పెట్టు, పైపు లోపల్నుంచి లాగి ఈశాన్యంలో కొళాయి పెట్టు, చూసేవాళ్లకు బోరు అక్కడే ఉన్నట్ల ఉంటది, రేపు అమ్మాలంటే ఇబ్బంది ఉండదు అని. చాలామంది అట్ల చేస్తారంట.

"దాచేది లేదన్నా, అమ్మేది లేదు" అన్నా.

పగలగొట్టిన మూల మళ్లీ కట్టించేటప్పుడు గోడ ఎత్తు తగ్గించి కట్టించినా. గొట్టానికి నీలం రంగు వేయించినా, వెనక వీధిలో పోయేటోళ్లకు కనపడాలని. పోయిన ఎండాకాలం ఆ మిర్చి ఆయనే మళ్లీ వచ్చినాడు, ఈసారి పెళ్లాన్ని తీసుకొని, కాపురానికే కావాలంట. "బోరు ఏ మూలున్నా మాకు పట్టింపు లేదమ్మా" అన్నాడు.

కాఫీ ఇచ్చి పంపించినా.