మార్కు వద్దన్న ప్రధానోపాధ్యాయిని

1989వ సంవత్సరం అక్టోబరు 4వ తేదీన, నెల్లిమర్ల జూట్‌మిల్లు కార్మికుని పెద్ద కుమార్తె ఎం. జ్ఞానసుందరి గారు, శ్రీకాకుళం జిల్లా రాజాం సమీపంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయినిగా విధులలో చేరారు. దాదాపు ముప్పై ఆరు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం, 2025 జులై 31న, మా కొండగెడ్డవలస మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ ఊరికీ ఈ ఊరికీ మధ్య దూరం సైకిలు తొక్కేంతే. అయినా జిల్లాల పునర్విభజన పుణ్యమా అని, శ్రీకాకుళంలో చేరిన వారు విజయనగరంలో విరమిస్తున్నారు. బదిలీ కౌన్సెలింగుకు వెళ్ళకుండానే జిల్లా దాటిన ఘనత మా మేడమ్ గారిది. ఆ మాటకొస్తే ఈ వీడ్కోలు సంచికలో వ్యాసాలు రాసిన మా అందరిదీనూ.

తొలి పాఠశాలలో గది ఒకటి, తరగతులు ఐదు, ఉపాధ్యాయిని ఒక్కరు. ఆ ఒక్కరూ ఏనాడూ ఆలస్యంగా రాలేదని అక్కడి పెద్దలు నేటికీ చెబుతారు. వానాకాలంలో గెడ్డ పొంగితే, నీరు తగ్గేదాకా ఒడ్డున నిలబడడం మా బోటి వాళ్ళ సంప్రదాయం. ఆవిడ మాత్రం చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఎవరైనా రైతు చెయ్యి అందిస్తే పట్టుకుని అవతలకు చేరేవారు. భర్త రాబర్ట్ గారు ఆమదాలవలస రైల్వేస్టేషనులో ఉద్యోగం చేసిన కాలంలోనూ, ఆ పట్టణంలో కాపురం పెడితే సుఖమని తెలిసి కూడా, పాఠశాలకు దూరమవుతుందని రాజాంలోనే ఉండిపోయారు. రాబర్ట్ గారు రైలు దిగి బస్సెక్కి ఇల్లు చేరేవారు. ఆయన సహనానికి కూడా ఈ సందర్భంగా ఒక శాలువా కప్పడం న్యాయమని నా అభిప్రాయం.

2012లో ఆవిడ మా పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా విచ్చేశారు. 2014లో నేను గణితోపాధ్యాయుడిగా వచ్చి చేరాను. నాది నోటి దురుసు, వారిది నిదానం. ఆ రెండింటికీ పొత్తు కుదరడానికి కొంతకాలం పట్టింది. పూర్తిగా కుదిరినది 2018లో జరిగిన ఒక సంఘటన తరువాత. దానిని చెప్పకుండా జ్ఞానసుందరి గారిని గురించి ఎన్ని విశేషణాలు పేర్చినా వ్యర్థమే.

ఆ సంవత్సరం పిల్లల పఠన, గణిత సామర్థ్యాలను కొలవడానికి రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రంతో పరీక్ష నిర్వహించారు. ఐదవ తరగతి పత్రంలో ఒక లెక్క ఉంది: ‘ఒక బస్తాలో 50 కిలోల ధాన్యం ఉంది. అటువంటి 6 బస్తాలలో ఎన్ని కిలోల ధాన్యం ఉంటుంది?’ జవాబు 300. మా ఐదవ తరగతి యావత్తూ, ఒకరిద్దరు మినహా, 480 అని రాసింది. మా వైపు వారికి వివరించనక్కరలేదు. దూరం నుంచి వచ్చిన బంధువుల కోసం చెబుతున్నాను. ఇక్కడ ధాన్యం బస్తా అంటే ఎనభై కిలోలు. కళ్ళంలో తూచినా, రాజాంలో అమ్మినా అదే లెక్క. పిల్లలకు ఎక్కాలు వంటబట్టాలని నేను కూడా తరగతిలో బస్తాలతోనే గుణకారం చేయించేవాణ్ణి.

పరిశీలనకు వచ్చిన అధికారి గోదావరి ప్రాంతీయులు. పాపం, ఆయనను తప్పుపట్టలేము. “యాభైని ఆరుతో ఏం చేసినా నాలుగు వందల ఎనభై రాదు. ఎవరో పెద్దవాళ్ళు తప్పు జవాబు అందించారు, పిల్లలందరూ దించేశారు” అన్నారు. సామూహికంగా కాపీ జరిగినట్టు నివేదిక రాయబోతున్నారని సాయంత్రానికి ఊరంతా పొక్కింది. మర్నాడు ప్రార్థనకు గంట కొట్టకముందే, ఐదవ తరగతి చదివే భారతి తల్లి లక్ష్మణమ్మ బడి అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె వెనుక మరికొందరు తల్లులు.

“మా పిల్లని దొంగన్నారట. టీసీ ఇచ్చీండి. రేపట్నుంచి రాజాం బస్సెక్కించీస్తాను” అన్నది లక్ష్మణమ్మ.

ఆ టీసీలు ఇచ్చి ఉంటే ఐదవ తరగతి ఖాళీ అయ్యేది. దాని వెనుక నాలుగు, మూడు తరగతులు కూడా బస్సెక్కేవి. ఆపైన మా పాఠశాలను పొరుగూరి బడిలో కలిపివేయడానికి ఒక ఉత్తర్వు చాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రశ్నే తప్పని, ధాన్యం బస్తా ఎరగని వారు లెక్క తయారు చేశారని, మా పిల్లలకు పూర్తి మార్కు వేసి తీరాలని పోట్లాడడానికి సిద్ధమయ్యాను. ఊరు నా పక్షమే. జ్ఞానసుందరి గారు మాత్రం ఎవరితోనూ వాదించక, ఆ అధికారికి ఫోన్ చేసి, నివేదిక పంపే ముందు మరొక్కసారి దయచేయవలసిందిగా, తల్లులందరి ఎదుట పిల్లలను తామే ప్రశ్నించవలసిందిగా కోరారు. ఆయన పెద్దమనిషి, వచ్చారు. ముందుగా భారతిని పిలిచారు.

“ఈ లెక్క చదివావా అమ్మా?”

“సదివేను సార్.”

“బస్తాకి ఎన్ని కిలోలని ఉంది?”

“యాభై అనున్నాది.”

“మరి నువ్వు ఎనభై ఎందుకు వేశావు?”

“అచ్చు తప్పు పడిపోనాది అనుకున్నాను సార్. యాభై కిలోల బస్తా మా నాన తెస్తే మా యమ్మ గుమ్మం ఎక్కనిస్తాదేటి?”

తల్లులు నవ్వారు, నేను నవ్వాను, చివరకు ఆ అధికారి కూడా నవ్వారు. మరికొందరిని విడివిడిగా అడిగారు. అందరిదీ అదే బస్తా, అదే ఎనభై. “కాపీ కాదని రాస్తాను మేడమ్. ప్రాంతీయ అలవాటును బట్టి పిల్లలకు మార్కు వేయమని సిఫారసు కూడా చేస్తాను” అన్నారు. నా కడుపు నిండిపోయింది.

అప్పుడు జ్ఞానసుందరి గారు లేచి నిలబడ్డారు. “కాపీ అన్న మాట మీరు వీళ్ళందరి ముందూ వెనక్కి తీసుకోవాలి సార్. మా పిల్లలు దొంగలు కారు. కానీ మార్కు వద్దు. కాగితం మీద ఉన్నది చదివి కూడా, దాన్ని కాదని బుర్రలో ఉన్నది రాశారు. అలా రాయకూడదని మేం నేర్పలేదు” అన్నారు.

అధికారి తన మాట వెనక్కి తీసుకున్నారు. మార్కు రాలేదు. ఆ సంవత్సరం మండలంలో మా పాఠశాల అట్టడుగున నిలిచింది. లక్ష్మణమ్మ టీసీ ఊసెత్తకుండా పిల్లను తరగతిలో కూర్చోబెట్టి వెళ్ళిపోయింది. నేను మాత్రం చేతికందిన మార్కును కాలదన్నుకున్నారని అలిగి, రెండు రోజులు మేడమ్ గారి గది వైపు వెళ్ళలేదు. మూడవ రోజు ఆవిడే నా గదికి వచ్చారు. “మాస్టారూ, రేపు వీళ్ళలో ఒకరు మందు సీసా మీద అర చెంచా అని ఉంటే, మా ఇంట్లో చెంచాడు తాగుతాం, ఇది అచ్చు తప్పు అనుకుంటే ఏటి సేస్తారు?” అని అడిగారు. ఆవేశపడినప్పుడు మాత్రమే ఆవిడ నోట నెల్లిమర్ల మాట వస్తుంది.

ఆనాటి నుంచి మా పాఠశాలలో బోధన తీరు మారింది. జ్ఞానసుందరి గారు బాప్టిస్టు సంఘపు సండే స్కూలులో చదివి పెరిగినవారు. అక్కడ బైబిలు వాక్యానికి అర్థం చెప్పిన ప్రతి పిల్లనూ “అది వాక్యంలో ఎక్కడుంది?” అని అడిగి, వేలు పెట్టి చూపించమనేవారట. ఆ ప్రశ్నను వారు మా తరగతులన్నింటిలోకీ తెచ్చారు. తెలుగు పాఠమైనా, గణితమైనా, జవాబు చెప్పిన పిల్ల దాని ఆధారాన్ని వేలు పెట్టి చూపాలి. లెక్కను పెన్సిలు ముట్టకుండా పైకి చదవాలి, ఇచ్చినదేమిటో అడిగినదేమిటో తన ఇంటి మాటలో చెప్పాలి, ఆ తరువాతే గుణకారం. నా గణితం పీరియడులోకి వచ్చి “లెక్క చదివించండి మాస్టారూ” అని ఆవిడ అన్నప్పుడు, లెక్కల మాస్టారు నేనా వారా అని లోలోపల గొణుక్కున్న మాట నిజం. కొన్నాళ్ళకు ఆ జబ్బు మాకూ అంటుకుంది. డీఏ పెరిగిందట అని ఎవరైనా అంటే, “జీవోలో ఎక్కడుంది?” అని మిగతావారు వేలు పెట్టి చూపించమనేవారు.

రాష్ట్ర పరీక్ష సమీపించగానే పాఠాలు అటకెక్కించి, నమూనా పత్రాలు బట్టీ వేయించే పద్ధతికి వారు ససేమిరా అన్నారు. విద్యా సంవత్సరం ఆరంభంలోనే పరీక్ష కోరే సామర్థ్యాలను పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఏ పాఠంలో ఏది నేర్పాలో మాతో కూర్చుని నిర్ణయించేవారు. “పరీక్ష వేరు, పాఠం వేరు అనుకుంటే రెండూ చెడతాయి” అనేవారు. మరుసటి పరీక్షలో పఠనంలోనూ గణితంలోనూ మా పిల్లలు మండలంలో ముందు వరుసకు వచ్చారు. తదనంతరం రాజాంలో జరిగిన ఉపాధ్యాయ శిక్షణలకు వారినే బోధకురాలిగా పిలిచారు. ఆ తరగతులలో వారు మొదటగా చెప్పేది మా విజయం కాదు, మా 480. మొదట్లో నాకు నామోషీగా ఉండేది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా నేను కూడా దానితోనే మొదలుపెడుతున్నాను.

మేడమ్ గారూ, మీరు వెళ్ళిపోతున్నారంటే మాకు దిగులుగా ఉంది. దానిని దాచుకోవడం లేదు. అయినా మీరు నేర్పినది మా చేతుల్లో ఉన్నది గనుక భయం లేదు. సంపూర్ణ ఆయురారోగ్యాలతో, రాబర్ట్ గారి సాహచర్యంలో, మనుమల మధ్య మీ శేష జీవితం ప్రశాంతంగా సాగాలని మా పాఠశాల కుటుంబం మనసారా కోరుకుంటున్నది. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి లక్ష్మణమ్మ నిన్న బడికి వచ్చింది. తన మాట కూడా వేయమంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“ఆ దినం మార్కులు వస్తాయంటే మేమందరం సంబరపడిపోనాం మేస్టారూ. మా పిల్లల మర్యాద అడిగినది ఆవిడొక్కర్తే. మోకాళ్ళ నొప్పులు రాకుండా, కళ్ళు మసక బారకుండా, నూరేళ్ళు సల్లగుండాల ఆ తల్లి.”