బర్రెకు పెట్టిన ఆకు

పాల్మాకులలో పొద్దున్నే క్యాబు తుడుస్తున్న భర్త దగ్గరికి, అతని చొక్కా జేబులో దొరికిన గంజాయి పొట్లం పట్టుకుని భార్య వచ్చింది.

“ఇదేంది?”

“నడుం నొప్పికే. రెండు దమ్ములు పీలిస్తే నొప్పి తగ్గుతది, మంచిగ నిద్ర పడతది.”

“నిన్న నన్ను ఎక్కించుకొని మన ఊరి మలుపు దాటి పోయినవు. ఒర్లితే గాని ఆగలే. గది గూడ దీని పనేనా?”

“ఏదో పరాకు. మా తాత బర్రెకు కడుపు నొస్తే గీ ఆకే పెడుతుండె. తెల్లారేసరికి మంచిగయ్యేది.”

“అది తిని కొట్టంల పండుకునేది. హైవే మీద బండి నడపలే.”

“నవ్వించకే.”

“నవ్వు, నవ్వు. ఇయ్యాల దవాఖానకు పోదాం, నడుముకు అసలు మందు రాపిద్దాం.”

“సరే, కార్ల కూసో.”

“పొద్దుగాల ఇది తాగలేదని నా మీద ఒట్టెయ్యి, కూసుంట.”

“…బస్సెప్పుడున్నదే?”