వెచ్చని పక్క

యుద్ధంలోంచి సెలవు మీద ఇంగ్లండులో గోస్‌పోర్ట్‌లోని ఇంటికొచ్చిన సబ్‌మెరైన్ నావికుడి స్వెట్టర్ ఉతకబోతూ అతని భార్య వాసన చూసింది.

"ఈ లావెండర్ వాసన ఎవత్తిది?"

"ఎవత్తిదీ కాదు, నాతో పనిచేసే మా సిరిల్ తలనూనెది. సబ్‌మెరైన్‌లో మా ఇద్దరికీ ఒకటే పక్క. నేను డ్యూటీకి లేవగానే వాడు పడుకుంటాడు. నా స్వెట్టరే తలగడ."

"అందుకా, రాత్రి నిద్రలో 'రా సిరిల్, పక్క వెచ్చగా ఉంది' అంటూ లేచి కూర్చున్నావు? నాకెప్పుడైనా అంత చోటిచ్చావా? దుప్పటంతా నీదే!"

"అలవాటైపోయిందే."

"ఆ మహానుభావుణ్ణి భోజనానికి పిలువు. మొహం చూస్తాను."

"రాడే."

"ఏం, నా వంట ఆయనకి రుచించదా?"

"పోయినవారం సబ్‌మెరైన్ పైకి తేలినప్పుడు శత్రువిమానం వాణ్ణి కాల్చేసింది. సముద్రంలోనే సాగనంపాం."

ఆమె కుళాయి కట్టేసింది.

"చచ్చి కూడా నా చోటు వదల్లేదన్నమాట," అంటూనే ఆమె సబ్బు పక్కన పెట్టి, స్వెట్టర్‌ని ఉతక్కుండా మడతపెట్టింది.