పెడళ్లకు పోసిన సాక

"తాతా, యాక్సిలేటర్ తొక్కినంక మల్ల పైకి రాకుంటే ఏం చెయ్యాలె? డ్రైవింగ్ సార్ రేపు అడుగుతడంట."

ఏం చెయ్యాలెనా? ఆగరాదు, జర నీళ్లియ్యి. సూడు బిడ్డా, బ్రేకు గట్టిగ తొక్కాలె, గేరు న్యూట్రల్ల ఏసి బండి పక్కకు తియ్యాలె, ఆగినంక చాబీ బందు చెయ్యాలె. గంతే. చెప్పనీకి ఎంతసేపు పట్టింది? గిది నాకు తెలిసే వరకు ఒక మనిషి బతుకు ఆగమైంది. నడుమల లేవకు మరి, ఇను.

గప్పుడు నేను బోధన్ దిక్కు ఒక చెరుకు పటేల్ కాడ ఉంటుంటి. ముందుగాల ఎడ్లబండి తోలెటోన్ని. పటేల్ హైదరాబాదుల ఓ పాత నల్ల కారు కొన్నడు. అరవై దాటినంకనే అనుకుంట... కాదు కాదు, మీ పెద్దనాయిన పుట్టిన యాడాది, అంటే అరవైకి ముందే. నాకు కారు నేర్పింది ఖాసీం భాయ్. నిజామాబాద్ బస్టాండ్ ఎనుక చిన్న షెడ్డు ఉండె ఆయనకు, బండ్లు బాగుచేసుట్ల పెద్ద మిస్త్రి. చాయ్ గప్పుడు అణానే కద, రెండు తెప్పిచ్చి ఒకటి నాకిచ్చి, "ఇంజన్ చప్పుడు ఇను రాజన్నా, ఏం బాధున్నదో అదే చెప్తది" అంటుండె. నేర్పినందుకు నా కాడ ఏం తీసుకోలే.

ఓ యాడాది దసరకు ముంగట కారు ఆయన కాడికి తోల్కపోతే, యాక్సిలేటర్‌ను మల్ల పైకి లేపే స్ప్రింగు మార్చి కొత్తది ఏసిండు. పండుగనాడు పటేల్ కారుకు పూజ చెయ్యమన్నడు. ఎడ్లబండికైతే చక్రాలకు సాక పోస్తం. సాక అంటే ఎరుకే కద, బెల్లం నీళ్లు. మరి కారుకు యాడ పొయ్యాలె? నా బుద్ధికి ఏం తోచిందంటే, దీని పానమంత నా కాళ్లకాడనే ఉన్నది, ఒకటి తొక్కితే ఉరుకుతది, ఒకటి తొక్కితే ఆగుతది. గందుకని కొత్త బెల్లం చిక్కగ కలిపి, మూడు పెడళ్లకు దండం పెట్టి, చెంబు నిండ పోసిన. సంబురంతోని పోసిన బిడ్డా.

పండుగైనంక కారు బానే నడ్చింది. దుమ్ము పడ్డది, చలి షురువైంది. గా బెల్లం యాక్సిలేటర్ రాడ్డు సందులకు దిగి, దుమ్ము గలిసి బంక లెక్క అయింది. కాళ్లకు చీమలు కుడుతుంటే దులుపుకొని కూసుంటుంటి, ఎందుకొచ్చినయని సోంచాయించలే.

చెరుకు కొట్టుడు మొదలైనంక ఒక పొద్దుగాల నిజామాబాద్ నుంచి వస్తున్నం, పటేల్ ఎనుక కూసున్నడు. ఎడపల్లి దాటినంక ముంగట లారీ పోతుంటే, దాన్ని దాటనీకి గట్టిగ తొక్కిన. దాటిన. కాలు తీసిన. పెడల్ పైకి రాలే. ముంగట జూస్తే శక్కర్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు, లైనుకు లైను. బ్రేకు మీద నిలబడ్డ, క్లచ్చి తొక్కిన. ఇంజన్ ఇంక ఎక్కువ ఒర్రింది, బుగులుకు క్లచ్చి ఇడిసిన. గేరు చేతికి జానెడు దూరంల ఉన్నది, న్యూట్రల్ల ఎయ్యాలన్న సోయి రాలే.

ఆఖరు బండికి పోయి కొట్టింది. ఒక ఎద్దు ఆడికాడనే పాయె. బండాయన కాలు ఇరిగింది. ఆయన కాలు పట్టుకొని ఏడుస్తలేడు బిడ్డా, ఎద్దు మెడ పట్టుకొని ఏడుస్తుండు. గది నేనెన్నడు మర్వలే.

పటేల్ నెత్తి పలిగింది. కట్టు కట్టిచ్చుకొని వచ్చి, ఖాసీం భాయ్‌ని పిలిపిచ్చిండు. "తప్పు వీనిదా, నీదా?" అని అడిగిండు. ఖాసీం భాయ్ వంగి పెడల్ కింద చెయ్యి పెట్టిండు. తీస్తే ఏళ్లకు నల్లటి పాకం, చచ్చిన చీమలు. నా దిక్కు సూశిండు. నేను నేల దిక్కు సూశిన. ఆయన ఏళ్లు గుడ్డతోని తుడుసుకొని, "స్ప్రింగు పాతది ఏసిన పటేలా, తప్పు నాదే" అన్నడు.

నేను నోరిప్పాలె కద? ఇప్పలే. ఇంట్ల ఇద్దరు పిల్లలు, మీ అవ్వ కడుపుతోని ఉండె. పటేల్ ఎల్లగొడితే యాడికి పోదును? గది ఆయనకు ఎరుకే. తనకు షెడ్డున్నది, ఎట్లనన్న బతుకుత అనుకున్నడేమో. గని పటేల్ యాడ కూసుంటే ఆడ చెప్పిండు, ఖాసీం చెయ్యి పెట్టిన బండి ఎక్కద్దని. ఇగ షెడ్డు కాడికి ఒక్క బండి రాకపాయె. యాడాది తిరగకముందే నాందేడ్ ఎల్లిపోయిండు.

నేను మాత్రం గా పటేల్ కాడనే ఉన్న, కారు నడుపుకుంట. మంచి డ్రైవర్ అని నలుగుర్ల చెప్తుండె. చెప్పినప్పుడల్లా సిగ్గుతోని సచ్చిపోతుంటి.

డెబ్బైలల్ల, పటేల్ పోయినంక, రైలెక్కి నాందేడ్ పోయిన. ఖాసీం భాయ్ కాళ్ల మీద పడాలెననే పోయిన. ఆడ అంత మరాఠీ, అడుక్కుంట అడుక్కుంట పోతే, రోడ్డు పక్కన సైకిల్ పంచర్లు ఏసుకుంట కూసున్నడు. గంత పెద్ద మిస్త్రి! నన్ను జూసి లేశి, గట్టిగ కౌగిలిచ్చుకొని అలాయిబలాయి తీసుకున్నడు. ఇంటికి తోల్కపోయి, "బేగం, నేను నేర్పిన డ్రైవర్ వచ్చిండు, నిజామాబాద్‌ల గిట్లాంటోడు లేడు" అన్నడు. అన్నం పెట్టిచ్చిండు. తిన్న. తిని తిరిగొచ్చిన బిడ్డా. కాళ్ల మీద పడనే పడలే.

మల్ల పోవాలె పోవాలె అనుకుంటుంటెనే, ఆయన లేడని కబురొచ్చింది.

మీ అవ్వకు గూడ చెప్పలే నేను. ఆమె పోయేనాడు గూడ చెప్పలే. నీకెందుకు చెప్తున్ననో... ఏడుస్తున్నవా? ఏడ్వకు. నువ్వు మంచిగ నడుపుతవ్, సల్లగుంటవ్, నూరేండ్లుంటవ్. తప్పులైతే అయితయి బిడ్డా. గని నీ తప్పు ఇంకొకలు మీదేసుకుంటుంటే, గప్పుడన్న నోరిప్పు. గప్పుడన్న...